ఇక్కడా నాన్‌లోకల్, అక్కడా నాన్‌లోకల్: రెండు తెలుగు ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులకు, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, వైద్య విద్య అధికారులకు

విషయం: ఎంబీబీఎస్ ప్రవేశాల్లో ఏ రాష్ట్రంలోనూ స్థానికులు కాకుండా మిగిలిపోతున్న విద్యార్థుల గురించి.

నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన జూనియర్ లెక్చరర్‌ని. మా ప్రాంతపు తల్లిదండ్రులు కొందరితో కలిసి ఈ విషయం మీద వినతిపత్రాలు ఇచ్చాను. అందినట్లు ముద్ర వేసి ఒక ప్రతి చేతికిచ్చారు. జవాబు మాత్రం రాలేదు. ఏటా కౌన్సెలింగ్ ముగిసేసరికి మరికొందరు పిల్లలు ఈ జాబితాలో చేరుతున్నారు కాబట్టి ఇక అందరి ఎదుటే రాస్తున్నాను.

మొదట ఒక మాట స్పష్టం చేయాలి. స్థానిక కోటా వద్దని అడిగే లేఖ కాదిది. తెలంగాణ సీట్లు తెలంగాణ పిల్లలకు, సీమ సీట్లు సీమ పిల్లలకు అన్న సూత్రం ఊరికే రాలేదు. ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనల గొడవ, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, ఆపైన 32వ రాజ్యాంగ సవరణతో వచ్చి చదువులో, ఉద్యోగాల్లో స్థానిక కోటాకు వీలు కల్పించిన 371డి అధికరణం, ఇంత చరిత్ర దాని వెనక ఉంది. ఆ కోటా వల్లే నా విద్యార్థులు కొందరు డాక్టర్లయ్యారు. 2014లో తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదే. ఇప్పుడు ముప్పై దాటాయి. ప్రజల సొమ్ముతో కట్టిన ఆ కళాశాలల్లో ఇక్కడి పిల్లలే ఎక్కువగా చదవాలని ప్రభుత్వం కోరుకోవడం న్యాయమే. ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలన్న తెలంగాణ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. నిబంధన చెల్లుతుందని కోర్టు చెప్పింది. అంతకంటే మెరుగైన నిబంధన రాసుకోవద్దని ఎవరూ చెప్పలేదు.

నా ఫిర్యాదు ఒక్కటే. రెండు రాష్ట్రాలూ ఎవరి నిబంధన వారు రాసుకున్నారు. విడివిడిగా చదివితే రెండూ సబబుగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదివితే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో పడిన పిల్లవాడు రెంటికీ చెడ్డ రేవడే.

1. ఏడేళ్ల లెక్క ఏమైంది?

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రాన్ని విద్యా ప్రవేశాల కోసం మూడు స్థానిక ప్రాంతాలుగా చూసింది. అవి ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు. 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్ష, అంటే ఇంటర్, రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఒక ప్రాంతంలో చదివినవారు ఆ ప్రాంతానికి స్థానికులు. ఇంతవరకు అందరికీ తెలుసు.

ఆ ఉత్తర్వు రాసినవారు అక్కడితో ఆగలేదు. నాలుగేళ్లు ఒకేచోట కుదరని పిల్లలు ఉంటారని వాళ్లకు తెలుసు. అందుకే రెండో లెక్క పెట్టారు. నాలుగేళ్ల లెక్కన ఎక్కడా స్థానికుడు కాని విద్యార్థి రాష్ట్రంలో వరుసగా ఏడేళ్లు చదివి ఉంటే, ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో గడిపాడో అక్కడ స్థానికుడు. రెండు చోట్లా సమానంగా చదివితే, చివర చదివిన చోట స్థానికుడు. అంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా రాష్ట్రంలోనే చదివిన ఏ పిల్లవాడూ గాలిలో వేలాడకుండా చూశారు. గుమాస్తాల భాషలో రాసిన ఆ రెండు మూడు వాక్యాల్లో ఉన్న జాలి, ముందుచూపు తరువాతి ఉత్తర్వుల్లో నాకు కనిపించలేదు.

2014 విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఆ కోటాలను, ఉమ్మడి ప్రవేశాలను మరో పదేళ్లు కొనసాగించింది. రెండు రాష్ట్రాల విద్యార్థులకూ నాణ్యమైన ఉన్నత విద్యలో సమాన అవకాశాలు ఉండాలన్నది దాని ఉద్దేశమని ఆ సెక్షనే చెబుతోంది. 2024 జూన్ 2తో ఆ పదేళ్లు ముగిశాయి. జూలై 19న తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో ఇచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలి, అర్హత పరీక్ష ఇక్కడే పాసవ్వాలి. ఆరు నుంచి లెక్కించి ఎక్కువ ఏళ్లు ఎక్కడో చూసే పాత వెసులుబాటు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్లు, ఏడేళ్లు అన్న మాటలు మిగిలాయి కానీ, ఆ ఏడేళ్లు చదవాల్సిన రాష్ట్రం ఇప్పుడు సగమైంది.

పదేళ్ల తరువాత ఏం జరుగుతుందో ఆలోచించడానికి రెండు ప్రభుత్వాలకూ పదేళ్లు దొరికాయి. ఈ ఒక్క విషయం మీద రెండు రాష్ట్రాల అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదు.

2. ఒక చిన్న లెక్క

మధిరలో పుట్టి పదో తరగతి వరకు మధిరలోనే చదివిన అమ్మాయి ఉందనుకోండి. కాజీపేట, విజయవాడ మార్గంలో రైలెక్కితే విజయవాడ ఎంతో దూరం కాదు. హైదరాబాద్ అంతకు రెండింతలకు పైగా దూరం. ఇంటర్ బైపీసీకి విజయవాడ హాస్టల్‌లో చేరింది. మా వైపు ఇది కొత్త సంగతి కాదు. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్నదే.

పాత లెక్క ప్రకారం ఆమెకు ఏడేళ్లలో ఐదేళ్లు తెలంగాణలో. కాబట్టి ఉస్మానియా ప్రాంతపు స్థానికురాలు. కొత్త లెక్కలో తెలంగాణ ఆమెను స్థానికురాలు కాదంటుంది, చివరి రెండేళ్లు బయట చదివింది కనుక. ఆంధ్రప్రదేశ్ కూడా కాదంటుంది, అక్కడ చదివింది రెండేళ్లే కనుక. అక్కడి 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీ పడాలన్నా తల్లిదండ్రులు పదేళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉండాలి, లేదా అక్కడ ప్రభుత్వ ఉద్యోగం వంటిది చేస్తూ ఉండాలి. మధిరలో రెండెకరాల మిర్చి తోట చేసుకునే తండ్రికి అది ఎలా కుదురుతుంది?

అవతలి వైపు నుంచి చూసినా ఇంతే. గుంటూరులో పది పూర్తి చేసి హైదరాబాద్‌లో ఇంటర్ చదివిన అబ్బాయి తెలంగాణలో నాన్‌లోకల్. సొంత రాష్ట్రంలో అతని నాలుగేళ్ల లెక్క తప్పింది. తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ 15 శాతం అన్‌రిజర్వుడు సందు ఒకటి మిగులుతుంది. అయితే అక్కడ స్థానికులు కూడా పోటీలో ఉంటారు. సందు సందే, తలుపు కాదు.

మూడో రాష్ట్రం వెళ్లినవారి మాట వేరే. రాజస్థాన్‌లోని కోటా నగరం, చెన్నై, బెంగళూరు వెళ్లినవాళ్లు తెలిసి వెళ్లారని ఎవరైనా వాదించవచ్చు. విజయవాడ, హైదరాబాద్, కర్నూలు మొన్నమొన్నటి వరకు ఒకే రాష్ట్రం. కుటుంబాలు, పెళ్లిళ్లు, వ్యాపారాలు, ఆసుపత్రులు ఇంకా అలాగే కలిసి ఉన్నాయి. ప్రవేశాల నిబంధన ఒక్కటే వాటిని ఒక్క జీవోతో కోసేసింది.

3. సరిహద్దు ఊళ్లు

రాజధానుల నుంచి చూస్తే సరిహద్దు ఒక గీత. ఇక్కడి నుంచి చూస్తే అది రోజూ దాటే రోడ్డు. ఆలంపూర్ వాళ్లకు పెద్ద ఊరంటే తుంగభద్ర దాటగానే వచ్చే కర్నూలే. అశ్వారావుపేట వాళ్లకు జంగారెడ్డిగూడెం, సత్తుపల్లి వాళ్లకు తిరువూరు దగ్గర. కోదాడ, జగ్గయ్యపేట పక్కపక్క ఊళ్లు.

వీటన్నిటికంటే విచిత్రమైనది భద్రాచలం చుట్టూ ఉన్న పరిస్థితి. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఎటపాక పిల్లలు బజారుకు, ఆసుపత్రికి, గుడికి వచ్చేది భద్రాచలానికే. ఇంటర్ చదవాలంటే భద్రాచలం కాలేజీ నడిచి వెళ్లే దూరం. పది వరకు ఎటపాక వైపు బడిలో చదివి ఇంటర్‌కు భద్రాచలం వచ్చిన కోయ అమ్మాయి రెండు రాష్ట్రాల్లోనూ నాలుగేళ్ల లెక్క పోగొట్టుకుంటుంది. ఆమె ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. రాష్ట్రమే ఆమె ఇంటి మీదుగా జరిగింది.

ఏజెన్సీలో డాక్టర్లు నిలవరని మనం ఎన్ని సమీక్షల్లో విన్నాం? ఆ ఊళ్లలో పుట్టిన పిల్ల డాక్టరైతే కనీసం పండగకైనా ఇంటికి వస్తుంది. ఆమెను మొదటి మెట్టు మీదే ఆపేసి, తరువాత బయటి నుంచి డాక్టర్లను పంపడానికి ప్రోత్సాహకాలు ప్రకటించడం ఏ లెక్క?

4. మినహాయింపు ఎవరికి?

సుప్రీంకోర్టు విచారణలో తెలంగాణ ప్రభుత్వమే కొన్ని మినహాయింపులు ప్రతిపాదించింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైన్యం, పారామిలిటరీ దళాలు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పిల్లలు తల్లిదండ్రుల ఉద్యోగం వల్ల బయట చదివితే వాళ్లు నష్టపోకూడదన్నది వాటి సారం. మంచి పనే. సియాచిన్‌లో కాపలా కాసే జవాను కొడుకు సొంత రాష్ట్రంలో పరాయివాడు కాకూడదు.

కానీ జీతం ప్రభుత్వం ఇస్తేనే బదిలీ, లేకపోతే కాదా? పాలమూరు నుంచి పుణె, ముంబై పనులకు వెళ్లిన వలస కూలీ ఎవరి ఆజ్ఞ మీద వెళ్లాడు? కరువు పంపింది. షోలాపూర్, భివండీ మగ్గాల దగ్గరకు పోయిన నేత కుటుంబాలను అప్పు పంపింది. ప్రైవేటు సంస్థ గుమాస్తాను విశాఖకు మార్చితే అతనికి ఉత్తర్వు కాపీ ఉంటుంది, ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు రికార్డులో సొంత ఊరు రాసే హోమ్‌టౌన్ డిక్లరేషన్ ఉండదు. తండ్రి చనిపోతే మేనమామ ఊరికి వెళ్లి చదివిన పిల్ల ఏ కాలమ్‌లో రాసుకోవాలి? ఇలాంటివాళ్లను గుర్తించడం కష్టమని అధికారులు అంటారు. కష్టమే. రేషన్ కార్డు, ఓటరు జాబితా, ఉపాధి హామీ జాబ్ కార్డు, పుట్టిన ఊరి బడి రిజిస్టరు ఇవన్నీ ఉన్నది ఎందుకు మరి?

నవోదయ విద్యాలయాల సంగతి కూడా ఇక్కడే అడగాలి. జాతీయ సమైక్యత కోసం తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక ఏడాది హిందీ ప్రాంతపు నవోదయకు పంపడం ఆ విద్యాలయాల పద్ధతి. తొమ్మిదో తరగతి అంటే సరిగ్గా మీ నాలుగేళ్లలో మొదటి ఏడాది. దేశం కోసం పంపిన ఏడాది రాష్ట్రంలో లోటుగా మిగలదని నిబంధనలోనే ఒక వాక్యం రాయండి. ప్రతి కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరిగి తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

5. స్థానికత పోతే మిగిలేది

2025లో దేశమంతటా 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. స్థానికత లేని తెలుగు విద్యార్థికి ప్రభుత్వ సీటుకు ప్రధాన దారి అఖిల భారత కోటా. పైన చెప్పిన అన్‌రిజర్వుడు సీట్లు వేరు, ఇది వేరు. ఇది ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతమే. నూరు సీట్ల కళాశాలలో పదిహేను. ఆ పదిహేను కోసం దేశం మొత్తం పోటీ. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్ కూడా దేశమంతటికీ తెరిచినవే. సొంత జిల్లా కళాశాలలో 85 సీట్లకు పోటీ పడాల్సిన పిల్లవాడు అదే ర్యాంకుతో అఖిల భారత కోటాలో ఓడిపోతాడు.

ఇక ప్రైవేటు. తెలంగాణలో ప్రైవేటు కళాశాలలో ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేల రూపాయలు. మేనేజ్‌మెంట్ కోటా బి కేటగిరీలో అది 11 లక్షల పైమాటే. ఆ బి కేటగిరీలో కూడా 2022 నుంచి 85 శాతం స్థానికులకే. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఎవరినైనా తీసుకుంటాయి, చాలా చోట్ల ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. అంటే నిబంధన డబ్బున్నవాడిని ఆపదు. అతను డీమ్డ్‌లో చేరిపోతాడు. ఆగిపోయేది విజయవాడ హాస్టల్ ఫీజు కోసం బంగారం కుదువ పెట్టినవాడు. కొందరు జార్జియాకో, కిర్గిజిస్తాన్‌కో, ఫిలిప్పీన్స్‌కో వెళతారు. తిరిగి వచ్చాక ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే మరో అర్హత పరీక్ష ఉంది. ఎక్కువమంది తప్పేది అక్కడే. 2022లో ఉక్రెయిన్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన పిల్లల్లో తెలుగువాళ్లు ఎందరున్నారో విమానాశ్రయంలో వాళ్లను ఎదుర్కొన్న మంత్రులకు గుర్తుండాలి.

6. రిజర్వేషనూ పోతుంది

దీని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. స్థానికతతో పాటు రాష్ట్ర రిజర్వేషన్ కూడా చేజారుతుంది. మన రెండు రాష్ట్రాల్లో బీసీలకు ఏ నుంచి ఈ వరకు ఉపవర్గాలు ఉన్నాయి. అఖిల భారత కోటాలో అవి ఉండవు, కేంద్ర ఓబీసీ జాబితా ఒక్కటే ఉంటుంది. బీసీ ఈ కింద వచ్చే ముస్లిం వర్గాల్లో చాలా వరకు ఆ జాబితాలో లేవు. అంటే ఒక మెకానిక్ కూతురు రెండేళ్లు పక్క రాష్ట్రంలో చదివిన నేరానికి ఓపెన్ కేటగిరీలో పోటీ పడాలి.

లంబాడా పిల్లల పరిస్థితి ఇంకా చిక్కు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు ఎస్టీలు. మహారాష్ట్రలో కాదు, అక్కడ వేరే వర్గం. తల్లిదండ్రులతో పుణె వెళ్లి అక్కడ చదివిన మహబూబ్‌నగర్ తండా పిల్లవాడు అక్కడ ఎస్టీ కాడు, ఇక్కడ స్థానికుడు కాడు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు బస్సు టిక్కెట్టుతో పోకూడదు కదా.

7. పదమూడేళ్ల వయసులో తీసుకునే నిర్ణయం

డాక్టర్ కావాలా ఇంజినీర్ కావాలా అన్నది మన ఇళ్లలో పదో తరగతి ఫలితాల తరువాత తేలుతుంది. ఒక్కోసారి అప్పటికీ తేలదు. మీ నిబంధన తొమ్మిదో తరగతిలో మొదలవుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లను ఏ బడిలో వేస్తున్నామన్నది నాలుగేళ్ల తరువాతి మెడికల్ సీటును నిర్ణయిస్తుందని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? ఏ బడి చెప్పింది? కార్పొరేట్ కాలేజీల వాళ్లు వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు చేసుకుంటారు. స్థానికత పోతుందని చెప్పిన ఏజెంటును నేనింకా చూడలేదు.

పైగా నిబంధన మార్చిన సమయం చూడండి. 2024లో నీట్ రాసిన పిల్లలు ఇంటర్‌లో చేరింది 2022లో. పరీక్ష 2024 మే 5న. జీవో జూలై 19న. వాళ్లు చేరినప్పుడు ఆరు నుంచి లెక్కించే పద్ధతి ఉంది. పరీక్ష అయ్యాక లేదు. సెప్టెంబరులో హైకోర్టు తెలంగాణ శాశ్వత నివాసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది, ఆ వెంటనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కోర్టుకు వెళ్లిన 135 మందికి ప్రభుత్వం ఒక్కసారికి వెసులుబాటు ఇచ్చింది. కోర్టు ఖర్చు భరించలేని వాళ్ల సంగతి ఆ 135లో లేదు.

8. ఒక అభ్యంతరానికి జవాబు

‘ఊళ్లో కాలేజీ ఉండగా బయటికి పంపినవాళ్లు స్తోమత ఉన్నవాళ్లు, ఇక్కడే చదివిన పేద పిల్లలకు వాళ్లు పోటీ కాకూడదు’ అన్న వాదన నాకు తెలుసు. అందులో నిజం ఉంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివిన పిల్లలకు న్యాయం చేయాలన్న పట్టుదల నాకూ ఉంది. నా జీవితం అక్కడే గడిచింది. అయితే హైదరాబాద్‌లోని అతి ఖరీదైన రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన కోటీశ్వరుడి కొడుకు స్థానికుడే. మీ నిబంధన అతన్ని ఏమీ అడగదు. డబ్బును కొలవాలంటే ఆదాయాన్ని కొలవండి, ప్రభుత్వ కళాశాల పిల్లలకు విడిగా కొన్ని సీట్లు పెట్టండి. రాష్ట్ర సరిహద్దుతో డబ్బును కొలవలేం.

దొంగ నివాస పత్రాల భయం కూడా నిజమే. పాత రోజుల్లో వాటితో సీట్లు పోగొట్టుకున్నది తెలంగాణ పిల్లలే. అందుకే నివాస పత్రాన్ని కొలమానం చేయమని నేను అడగడం లేదు. బడి రికార్డునే అడుగుతున్నాను. ఏడేళ్ల చదువు కూడా బడి రికార్డే. నాలుగేళ్ల కంటే ఏడేళ్లు దొంగతనంగా సృష్టించడం కష్టం.

ఇంకొక విడ్డూరం చెప్పి ముగిస్తాను. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అంటే మధిర అమ్మాయి ఎలాగో ఎక్కడో ఎంబీబీఎస్ ముగిస్తే, ఎండీ దగ్గర నివాసం పేరుతో ఆమెను ఎవరూ ఆపలేరు. అక్కడిదాకా వెళ్లడానికే దారి మూసి ఉంది.

మా డిమాండ్లు

ఒకటి. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏడేళ్లు చదివిన విద్యార్థి, ఎక్కువ కాలం చదివిన రాష్ట్రంలో స్థానికుడిగా గుర్తింపు పొందాలి. నాలుగేళ్ల నిబంధన ఎలాగూ ఉంటుంది. అది వర్తించని వారికే ఇది. రెండు ప్రభుత్వాలూ ఒకేసారి, ఒకే మాటలతో ఈ నిబంధన తేవాలి. ఒక రాష్ట్రం తెచ్చి మరొకటి తేకపోతే మళ్లీ ఖాళీ మిగులుతుంది. ఇది సాధ్యం కాదనకండి. 2014 తరువాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలిపోయిన కుటుంబాల పిల్లల కోసం రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి, గడువును పలుమార్లు పెంచారు. అప్పుడు దారి దొరికింది.

రెండు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు ఇచ్చిన మినహాయింపు వలస కూలీలు, చేనేత కార్మికులు, ప్రైవేటు ఉద్యోగుల పిల్లలకు, తల్లినో తండ్రినో పోగొట్టుకుని బంధువుల ఊళ్లో చదివిన పిల్లలకు వర్తింపజేయాలి. రుజువుగా ఏయే పత్రాలు చెల్లుతాయో నిబంధనలోనే రాయాలి, తహసీల్దారు ఇష్టానికి వదలకూడదు.

మూడు. సరిహద్దు మండలాల జాబితా తయారు చేసి, అక్కడ నివసిస్తూ పక్క రాష్ట్రపు బడికో కాలేజీకో రోజూ వెళ్లివచ్చే పిల్లల చదువును సొంత రాష్ట్రంలో చదివినట్లే లెక్కించాలి. ఎటపాక, భద్రాచలం విషయం ఈ విద్యా సంవత్సరంలోనే తేల్చాలి.

నాలుగు. స్థానికత నిబంధనలో ఏ మార్పు చేసినా అది అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లల నుంచే అమల్లోకి రావాలి. పరీక్ష రాసిన తరువాత నిబంధన మార్చడం ఆపాలి.

ఐదు. ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద, ప్రతి జూనియర్ కళాశాల దరఖాస్తు మొదటి పేజీ మీద స్థానికత నిబంధనను తెలుగులో అచ్చు వేయించాలి. పక్క రాష్ట్రం నుంచి వచ్చే విద్యార్థికి ‘ఇక్కడ చేరితే మీ సొంత రాష్ట్రంలో స్థానికత ఏమవుతుంది’ అన్నది రాతపూర్వకంగా చెప్పి తల్లిదండ్రుల సంతకం తీసుకోని కళాశాలకు జరిమానా వేయాలి. ఈ పనికి కోర్టూ అక్కర్లేదు, కేంద్రమూ అక్కర్లేదు. ఇంటర్ బోర్డుల నుంచి ఒక సర్క్యులర్ చాలు.

ఆరు. ప్రతి ఏటా కౌన్సెలింగ్ ముగిశాక, స్థానికత లేదని తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, వాటిలో రెండో తెలుగు రాష్ట్రంలోనూ స్థానికత లేనివారు ఎందరు అన్న లెక్కను వరంగల్, విజయవాడల్లోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ప్రకటించాలి. దరఖాస్తులన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టడమే పని.

వీటిలో మొదటిదానికి సమయం పట్టవచ్చు, అర్థం చేసుకోగలం. ఐదోది, ఆరోది వచ్చే నీట్ ఫలితాల లోపు చేయడానికి అడ్డేమీ లేదు. అంగీకరిస్తున్నారో, నిరాకరిస్తున్నారో రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా చెప్పండి. నిరాకరిస్తే కారణం కూడా రాయండి. ఏ పిల్లలకు ఏ ఊరు కాలేజీ సూచించాలో మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు చెప్పుకోవాలి.

ఇట్లు
ఒక విశ్రాంత జూనియర్ లెక్చరర్
ఖమ్మం జిల్లా